ఉర్దూలో లెక్కలు నేర్చి లైప్‌జిగ్ దాకా: ఉస్మానియా గణిత ఆచార్యుడు డాక్టర్ రజియుద్దీన్ సిద్దీఖీ

పిల్లల్ని ఏ మీడియంలో చేర్చాలన్న చర్చ జరగని ముస్లిం ఇల్లు మన తెలుగు రాష్ట్రాల్లో దాదాపు ఉండదు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, స్కూల్లో ఇంగ్లీష్. ఉర్దూ మీడియంలో వేస్తే సైన్సు, లెక్కలు రావని, పెద్ద చదువులకు పనికిరారని ఒక భయం. ఇంగ్లీష్ మీడియంలో వేస్తే సొంత జబాన్ చదవడం, రాయడం కూడా మర్చిపోతారని ఇంకో భయం.

ఈ చర్చ కొత్తది కాదు. వందేళ్ల క్రితం హైదరాబాద్‌లో ఇదే ప్రశ్న మీద ఏకంగా ఒక యూనివర్సిటీనే కట్టారు. ఆ యూనివర్సిటీ మొదటి బ్యాచుల్లో చదువుకున్న ఒక కుర్రాడు గణితం ఉర్దూలో నేర్చుకుని కేంబ్రిడ్జికి వెళ్లాడు. అక్కడి నుంచి జర్మనీ వెళ్లి డాక్టరేట్ తెచ్చుకున్నాడు. తిరిగి వచ్చి అదే యూనివర్సిటీలో దాదాపు రెండు దశాబ్దాలు పాఠాలు చెప్పాడు. ఆయనే డాక్టర్ ముహమ్మద్ రజియుద్దీన్ సిద్దీఖీ. పాకిస్తాన్‌లో మూడు యూనివర్సిటీలకు వైస్ ఛాన్సలర్‌గా చేసిన వ్యక్తిగా ఆయన పేరు అక్కడ బాగా తెలుసు. పుట్టి పెరిగిన హైదరాబాద్‌లో మాత్రం ఇప్పటి తరానికి అంతగా తెలియదు.

ఉస్మానియా ఎలా పుట్టింది

రజియుద్దీన్ సిద్దీఖీ గత శతాబ్దపు మొదటి దశకంలో హైదరాబాద్ దక్కన్‌లో పుట్టారు. ఆయన స్కూల్లో ఉన్న రోజుల్లోనే రాజ్యంలో పెద్ద ప్రయత్నం ఒకటి మొదలైంది. అప్పట్లో ఇండియాలో ఉన్న యూనివర్సిటీలన్నిటిలో పై చదువులు ఇంగ్లీష్‌లోనే ఉండేవి. కలకత్తా అయినా, మద్రాస్ అయినా, అలహాబాద్ అయినా అంతే. విద్యార్థి ముందు భాషతో కుస్తీ పట్టాలి, ఆ తర్వాతే విషయం. చాలామంది అర్థం చేసుకోవడం మానేసి బట్టీ పట్టేవారు.

దీనికి మందుగా ఇండియన్ భాషలోనే యూనివర్సిటీ చదువు ఉండాలని అక్బర్ హైదరీ 1917లో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు ఒక అర్జీ పెట్టారు. నిజాం ఒప్పుకుని ఫర్మానా ఇచ్చారు. ఉర్దూ బోధనా భాషగా, ఇంగ్లీష్ తప్పనిసరి సబ్జెక్టుగా ఉండాలన్నది నిర్ణయం. అంటే ఇంగ్లీష్‌ను గెంటెయ్యలేదు, దాని చోటు మార్చారు. 1918లో యూనివర్సిటీ ఏర్పడింది. 1919లో క్లాసులు మొదలయ్యాయి. ఇప్పుడు మనం చూసే ఆర్ట్స్ కాలేజీ భవనం అప్పటికి లేదు. అది 1939లో గానీ తయారు కాలేదు.

కానీ భవనం కంటే పెద్ద సమస్య పుస్తకాలది. ఉర్దూలో షాయిరీకి కొదవ లేదు, దీనీ కితాబులకు కొదవ లేదు. బీఏలో చెప్పాల్సిన కాల్‌క్యులస్, మెకానిక్స్, కెమిస్ట్రీకి మాత్రం ఏ పుస్తకం ఉంది? అందుకే క్లాసులకంటే ముందే దారుల్ తర్జుమా అనే అనువాద విభాగం తెరిచారు. బాబాయె ఉర్దూ మౌల్వీ అబ్దుల్ హఖ్ దానికి నాయకత్వం వహించారు. ఒక్కో శాస్త్రానికి పదాలు నిర్ణయించడానికి కమిటీలు కూర్చున్నాయి. ఒక్క పదం మీద గంటల తరబడి వాదనలు జరిగేవి. అరబీ నుంచి తీసుకోవాలా, ఫార్సీ నుంచా, హిందీ నుంచా, లేక ఇంగ్లీష్ మాటనే ఉంచెయ్యాలా? ఉస్మానియాలోనే పనిచేసిన వహీదుద్దీన్ సలీమ్ ఈ పదాల తయారీ మీద ఒక పుస్తకమే రాశారు.

గణితం విషయంలో ఈ పని కాస్త సులువైంది. ఎందుకంటే ముసల్మాన్లకు లెక్కల మాటలు కొత్తవి కావు. ఆల్జీబ్రా అన్న పేరే అల్ ఖ్వారిజ్మీ పుస్తకంలోని అల్ జబ్ర్ నుంచి పుట్టింది. త్రిభుజం అంటే ముసల్లస్, కోణం అంటే జావియా, సమీకరణం అంటే మసావాత్. ఇవి మదరసాల్లో వందల ఏళ్లుగా ఉన్న మాటలే. న్యూటన్, లైబ్నిజ్‌ల తర్వాత వచ్చిన కొత్త గణితానికి మాత్రమే కొత్త మాటలు కూర్చుకోవాల్సి వచ్చింది.

అయినా బయట అనుమానాలు తక్కువేమీ లేవు. ఉర్దూలో నేర్చిన సైన్సు సైన్సేనా, ఈ డిగ్రీని బయట ఎవరైనా లెక్కచేస్తారా, ఈ పిల్లలు రేపు ఇంగ్లండ్ వెళితే నిలబడగలరా అని అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ ప్రశ్నలకు జవాబు కాగితం మీద దొరకదు. పిల్లలు వెళ్లి చూపించాలి. అలా చూపించిన తొలి వాళ్లలో రజియుద్దీన్ ఒకరు.

కేంబ్రిడ్జి

1925లో ఆయన ఉస్మానియా నుంచి గణితంలో బీఏ పూర్తి చేశారు. యూనివర్సిటీ తలుపులు తెరిచి అప్పటికి ఆరేళ్లే అయింది. ప్రతిభ ఉన్న విద్యార్థుల్ని ప్రభుత్వ ఖర్చుతో విదేశాలకు పంపే అలవాటు హైదరాబాద్ రాజ్యానికి ఉంది. రజియుద్దీన్ కేంబ్రిడ్జికి చేరుకున్నారు.

ఆయన వెళ్లిన సమయం చూడండి. ఫిజిక్స్ పునాదులే మారిపోతున్న రోజులవి. సూర్యుడి పక్కగా వచ్చే నక్షత్రాల వెలుగు వంగుతుందని 1919 గ్రహణం రోజున చూపించి ఐన్‌స్టీన్ సిద్ధాంతాన్ని లోకానికి చాటిన ఆర్థర్ ఎడింగ్టన్ అక్కడే ప్రొఫెసర్. ఇరవైల్లో ఉన్న పాల్ డిరాక్ అప్పుడే క్వాంటమ్ మెకానిక్స్ మీద పాఠాలు మొదలుపెట్టారు. ఎలక్ట్రాన్‌కు సంబంధించిన డిరాక్ సమీకరణం 1928లో వచ్చింది. అదే ఏడాదికి రజియుద్దీన్ కేంబ్రిడ్జి చదువు ముగిసింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఈ కొత్త ఫిజిక్స్ అందరికీ కొత్తే. ఈటన్, హ్యారో స్కూళ్ల నుంచి వచ్చిన ఇంగ్లీష్ కుర్రాడికి కూడా ఏ పాఠ్యపుస్తకంలోనూ ఇది దొరకదు. అక్కడ పనికొచ్చేది గణితంలో ఎంత గట్టి పునాది ఉందన్నదే. ఆ పునాది ఏ భాషలో పడిందని సమీకరణం అడగదు. దక్కన్ నుంచి వచ్చిన కుర్రాడు ఆ పునాదితోనే అక్కడ నెగ్గుకొచ్చారు.

లైప్‌జిగ్, దమ్ పెట్టిన దేగ్

కేంబ్రిడ్జి తర్వాత చాలామంది ఇండియన్ విద్యార్థులు ఇంటికి వచ్చేసేవారు. కేంబ్రిడ్జి ముద్ర ఉంటే మంచి ఉద్యోగానికి అది చాలు. రజియుద్దీన్ మాత్రం జర్మనీకి వెళ్లారు. గణితంలోనూ, ఫిజిక్స్‌లోనూ అప్పట్లో జర్మనీదే పైచేయి. అక్కడ చదవాలంటే జర్మన్ రావాలి. ఉర్దూలో మొదలైన చదువు ఇంగ్లీష్ దాటి మూడో భాషలోకి వెళ్లింది. అరబీ, ఫార్సీ ముందే వచ్చు. తర్వాత ఫ్రెంచ్ కూడా నేర్చుకున్నారు.

ఆయన చేరింది లైప్‌జిగ్ యూనివర్సిటీలో. వెర్నర్ హైసెన్‌బర్గ్ పాతికేళ్ల వయసులోనే, 1927లో అక్కడ ప్రొఫెసర్ అయ్యారు. ఆయన పేరు విని దేశదేశాల కుర్రాళ్లు లైప్‌జిగ్‌కు వచ్చేవారు. తర్వాత నోబెల్ తెచ్చుకున్న ఫెలిక్స్ బ్లాక్ అక్కడే డాక్టరేట్ చేశారు. అమెరికాలో హైడ్రోజన్ బాంబుతో పేరు పడిన ఎడ్వర్డ్ టెల్లర్‌దీ అదే చోటు. అలాంటి గుంపులో హైదరాబాద్ వాసి కూడా ఒకరు. అదే యూనివర్సిటీలో లియోన్ లిఖ్టెన్‌స్టైన్ అనే పెద్ద గణితవేత్త ఉండేవారు. పార్షియల్ డిఫరెన్షియల్ సమీకరణాల్లో ఆయన పేరు మోసినవారు. యూదుడు కావడంతో 1933లో నాజీలు వచ్చాక లైప్‌జిగ్ వదిలేయాల్సి వచ్చింది. అదే ఏడాది పోలండ్‌లో చనిపోయారు. రజియుద్దీన్ అక్కడ చదివింది ఆ చీకటికి సరిగ్గా ముందు.

రజియుద్దీన్ పరిశోధన కూడా ఆ సమీకరణాల మీదే. పేరు వింటే భయమేస్తుంది గానీ విషయం మన వంటింట్లోనే ఉంది. బిర్యానీ దేగ్‌కు దమ్ పెట్టారనుకోండి. కింద నిప్పులు, మూత మీద నిప్పులు. లోపల ఒక్కో చోట ఒక్కో వేడి. నిమిషం గడిచే కొద్దీ ఆ వేడి మారుతుంది, అడుగు నుంచి మధ్యకు పాకుతుంది. ఏ క్షణంలో ఏ చోట ఎంత వేడి ఉందో లెక్క కట్టే సమీకరణాన్ని గణితంలో పారాబోలిక్ రకం అంటారు. వేడి పాకడం, నీళ్లలో రంగు కలిసిపోవడం లాంటివన్నీ ఈ కోవలోకే వస్తాయి.

ఇందులో సులువు రకం ఒకటుంది. నిప్పు రెట్టింపు చేస్తే ఫలితమూ అదే లెక్కలో రెట్టింపవుతుంది. దీన్ని లీనియర్ అంటారు. కానీ నిజ జీవితం ఇంత సాఫీగా ఉండదు. లోహం వేడెక్కే కొద్దీ వేడిని మోసే దాని గుణమే మారిపోవచ్చు. అప్పుడు జవాబు తిరిగి ప్రశ్ననే మార్చేస్తుంది. రెండింతలు వేస్తే రెండింతలు వస్తుందన్న లెక్క పనిచేయదు. ఇది నాన్‌లీనియర్ రకం. ఇలాంటి సమీకరణం రాసుకున్నాక మొదట తేల్చుకోవాల్సిన ప్రశ్న, అసలు దీనికి పరిష్కారం అనేది ఉందా అని. ఉందో లేదో తెలియకుండా వెతకడం, ఊళ్లో లేని మనిషి ఇంటికి దారి అడగడం లాంటిది.

రజియుద్దీన్ ఈ నాన్‌లీనియర్ పారాబోలిక్ సమీకరణాల సిద్ధాంతం మీద పనిచేశారు. దాని మీద ఆయన జర్మన్‌లో రాసిన వ్యాసం 1932లో మాథమాటిషె సైట్‌ష్రిఫ్ట్ అనే పేరున్న జర్నల్‌లో అచ్చయింది. ఈ రకం సమీకరణాల మీద తర్వాత దశాబ్దాల్లో పెద్ద శాస్త్రమే పెరిగింది. అది పసిదిగా ఉన్న రోజుల్లో అందులో చేయిపెట్టిన కొద్దిమందిలో ఒకరు మన ఉస్మానియా విద్యార్థి.

లైప్‌జిగ్ డాక్టరేట్ తర్వాత కొంతకాలం పారిస్‌లో ఉండి, 1931లో ఆయన హైదరాబాద్ తిరిగి వచ్చారు.

తిరిగి వచ్చి చేసిన పని

ఐరోపాలో అంత దూరం వెళ్లిన మనిషి తిరిగి వచ్చాక ఏం చేస్తాడు? పరిశోధన ఆపేసి పదవులు చూసుకోవచ్చు. లేదంటే ఇక్కడ ఏముందని మళ్లీ వెళ్లిపోవచ్చు. రజియుద్దీన్ ఉస్మానియాలో గణితం చెప్పడానికి కూర్చున్నారు, అదీ తాను చదివినట్టే ఉర్దూలో. లైప్‌జిగ్‌లో జర్మన్‌లో విన్నదాన్ని, కేంబ్రిడ్జిలో ఇంగ్లీష్‌లో విన్నదాన్ని ఇక్కడి బోర్డు మీద ఉర్దూలో రాసేవారు.

పుస్తకాల విషయంలో ఆయన పద్ధతి తెలివైనది. క్వాంటమ్ మెకానిక్స్ మీద తన ఉపన్యాసాలను ఇంగ్లీష్‌లో పుస్తకంగా తెచ్చారు. పరిశోధకుల లోకం చదవాలంటే ఇంగ్లీష్‌లో ఉండాలి. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం మీద మాత్రం ఉర్దూలో రాశారు. ఉర్దూలో దాన్ని ఇజాఫియత్ అంటారు. కాలం అందరికీ ఒకేలా నడవదని, దూరం కూడా చూసేవాడిని బట్టి మారుతుందని చెప్పే ఆ సిద్ధాంతం గురించి ఇంగ్లీష్ రాని ఉర్దూ పాఠకుడు తన జబాన్‌లో చదువుకోవడానికి దారి ఏర్పడింది.

కాలం, స్థలం అన్న మాటలు ముస్లిం ఆలోచనలోనూ పాతవే. అల్లామా ఇఖ్బాల్ 1929లో దక్షిణాదికి వచ్చి మద్రాస్, హైదరాబాద్‌లలో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఈ ప్రశ్నలు ఉన్నాయి. కొత్త ఫిజిక్స్ చెప్పే కాలానికీ, మన బుజుర్గులు మాట్లాడిన కాలానికీ సంబంధం ఏమిటన్నది ఇఖ్బాల్ ఆలోచించిన విషయం. రజియుద్దీన్‌కు ఇది జీవితాంతం నచ్చిన అంశం. ఇఖ్బాల్ ఆలోచనల్లో కాలం, స్థలం గురించి తర్వాత ఆయన ఉర్దూలో ఒక పుస్తకం రాశారు. షాయిరీని, దీన్‌ను, ఫిజిక్స్‌ను మూడు వేరు వేరు అల్మారాల్లో పెట్టే మనిషి కాదాయన.

ఆ రోజుల ఉస్మానియా ఇంకో పేరుతో కూడా మన ఇళ్లలో తెలుసు. సీరత్ మీద, ఇస్లామీ అంతర్జాతీయ న్యాయం మీద రాసిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా కూడా హైదరాబాద్ వారే, ఉస్మానియాలో చదివినవారే. జర్మనీలోని బాన్ నుంచి, పారిస్‌లోని సోర్బోన్ నుంచి డాక్టరేట్లు తెచ్చుకుని అదే యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. ఒకరు గణితం, ఒకరు న్యాయశాస్త్రం. ఇద్దరూ దాదాపు ఒకే ఈడు వాళ్లు. పై చదువులకు ఉర్దూ చాలదన్న అనుమానానికి ఈ ఇద్దరి బతుకులే జవాబు.

రెండో వైపు

అయితే ఈ కథను ఒకవైపు నుంచే చెప్పుకుంటే న్యాయం కాదు. నిజాం రాజ్యంలో ఉర్దూ మాతృభాషగా ఉన్నవాళ్లు పదిమందిలో ఒకరి లెక్కన ఉండేవారు. జనాభాలో దాదాపు సగం మంది తెలుగువాళ్లు. మిగిలినవాళ్లలో మరాఠీ, కన్నడ మాట్లాడేవాళ్లు ఎక్కువ. వరంగల్, నల్లగొండ ఊళ్ల నుంచి వచ్చిన తెలుగు పిల్లవాడికి ఉర్దూ కూడా బయట భాషే. అంటే ఇంగ్లీష్ బరువు తీసేసి ఉర్దూ బరువు పెట్టినట్టే. సొంత భాషలో చదువుకోవాలన్న మంచి మాట రాజ్యంలో ఎక్కువమందికి అందలేదు.

ఈ అసంతృప్తికి రాజకీయం తోడైంది. 1938లో హాస్టల్లో వందేమాతరం పాడారని ఉస్మానియా విద్యార్థుల్ని పంపించేశారు. వాళ్లలో పీవీ నరసింహారావు ఒకరు. ఆయన నాగపూర్ వెళ్లి చదువు పూర్తి చేసుకున్నారు. ఆ పీవీకి ఉర్దూ మీద ఎంత పట్టు ఉందో అందరికీ తెలిసిందే. తనను బయటికి పంపిన యూనివర్సిటీ భాషను ఆయన వదులుకోలేదు.

రజియుద్దీన్ క్లాసులో బోర్డు మీద సమీకరణాలు నడుస్తున్నప్పుడే బయట ఇదంతా నడుస్తోంది. ఉర్దూలో సైన్సు చెప్పొచ్చన్నది ఆయన తరం నిరూపించింది. అదే హక్కు తెలుగుకు, మరాఠీకి, కన్నడకు కూడా ఉండాలన్న మాట మాత్రం ఆ రాజ్యం వినిపించుకోలేదు. మన ఇళ్లలో రెండు భాషలూ ఉన్నాయి కాబట్టి ఈ రెండు సంగతులూ మనకు బాగానే అర్థమవుతాయి.

1948 తర్వాత

1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగింది. ఐదు రోజుల్లో నిజాం పాలన ముగిసింది. హైదరాబాద్ ముస్లిం ఇళ్లలో ఆ సంవత్సరం గురించి ఇప్పటికీ గొంతు తగ్గించే మాట్లాడుకుంటారు. ఎన్నో ఖానదాన్‌లు చెదిరిపోయాయి. కొందరు కరాచీ వెళ్లారు, కొందరు ఉన్నచోటే అన్నీ పోగొట్టుకున్నారు. హమీదుల్లా పారిస్‌లో ఉండిపోయారు.

ఉస్మానియాలో బోధన ఉర్దూ నుంచి ఇంగ్లీష్‌కు మారింది. ముప్పై ఏళ్లు కష్టపడి తయారు చేసుకున్న పదాలు, వందల పుస్తకాలు లైబ్రరీ మూలల్లోకి వెళ్లిపోయాయి. ఇది క్లాసులో ఓడిపోయి ఆగిన ప్రయోగం కాదు. రాజ్యం పోయింది, దాని భాష కూడా ఆ కుర్చీ దిగింది. పిల్లలకు అర్థం కాలేదనో, పరీక్షలు తప్పారనో ఆపలేదు. రజియుద్దీన్ లాంటి వాళ్ల జీవితం తెలిస్తేనే ఈ తేడా తెలుస్తుంది.

1950 ప్రాంతంలో రజియుద్దీన్ పాకిస్తాన్ వెళ్లిపోయారు. అప్పటికి వయసు నలభై దాటింది. ఒక గణితవేత్త తన విద్యార్థుల్ని, లైబ్రరీని, తాను చదివి, తాను చదివించిన విభాగాన్ని వదిలి కొత్త దేశంలో మొదటి నుంచి మొదలుపెట్టడం చిన్న సంగతి కాదు. ఆ తర్వాత ఆయన జీవితంలో సొంత పరిశోధన తగ్గింది, యూనివర్సిటీలు కట్టే పని పెరిగింది.

మూడు యూనివర్సిటీలు

కొత్త దేశంలో సైన్సుకు సంబంధించి అప్పటికి ఉన్నది చాలా తక్కువ. 1953లో పాకిస్తాన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ఏర్పడింది. దాన్ని నిలబెట్టిన మొదటి వాళ్లలో ఆయన ఉన్నారు.

అదే 1950ల్లో ఆయన పెషావర్ యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్ అయ్యారు. అది పుట్టిందే 1950లో. పాత ఇస్లామియా కాలేజీ చుట్టూ పెరుగుతున్న క్యాంపస్. దక్కన్ మనిషికి అక్కడి చలి కొత్త, భాష కొత్త, పష్తూన్ల పద్ధతులు కొత్త. పని మాత్రం తెలిసినదే. విభాగాలు తెరవాలి, ఉస్తాద్‌లను వెతకాలి, లాబొరేటరీలకు డబ్బు తేవాలి. ఉస్మానియా సున్నా నుంచి పైకి రావడం ఆయన విద్యార్థిగా కళ్లారా చూసిందే.

1960ల మొదట్లో సింధ్ యూనివర్సిటీ బాధ్యత వచ్చింది. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఆ యూనివర్సిటీ అప్పటికి సింధ్‌లోని హైదరాబాద్‌లో ఉంది. ఒక హైదరాబాద్ వదిలి వచ్చిన మనిషి ఇంకో హైదరాబాద్‌లో వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఊరి పేరు అదే. మూసీ లేదు, చార్మినార్ లేదు, పక్కన సింధు నది ఉంది. ఆ నదికి అవతలి ఒడ్డున ఉన్న జామ్‌షోరోలో యూనివర్సిటీకి కొత్త క్యాంపస్ పెరుగుతున్న కాలమది.

మూడోది అన్నిటికంటే కష్టమైనది. 1965 నుంచి ఇస్లామాబాద్‌లో యూనివర్సిటీ పెట్టే పని ఆయన చేతికి వచ్చింది. అప్పటికి ఇస్లామాబాదే సగం కట్టిన ఊరు. చట్టం 1967లో వచ్చింది. రజియుద్దీన్ దాని మొట్టమొదటి వైస్ ఛాన్సలర్. డిగ్రీ కాలేజీలా వేలమందిని చేర్చుకుని సర్టిఫికెట్లు ఇచ్చే చోటుగా కాకుండా, ఎంఫిల్, పీహెచ్‌డీలు చేసే పరిశోధనా కేంద్రంగా దాన్ని మొదలుపెట్టారు. పార్టికల్ ఫిజిక్స్‌లో పేరున్న రియాజుద్దీన్ వచ్చి ఫిజిక్స్ సంస్థను నడిపారు. గణిత విభాగం కూడా తర్వాత కాలంలో ఆ దేశంలో మంచి పేరు తెచ్చుకుంది.

1970ల మొదట్లో ఆయన ఆ పదవి నుంచి తప్పుకున్నారు. ఆ యూనివర్సిటీకి 1976లో ఖాయిదె ఆజమ్ యూనివర్సిటీ అని పేరు పెట్టారు.

ఈ పనుల వల్ల ఆయన పోగొట్టుకున్నదీ ఉంది. లైప్‌జిగ్‌లో మొదలుపెట్టిన గణితం ప్రపంచంలో వేగంగా పెరిగిన దశాబ్దాల్లో ఆయన ఫైళ్లు, బడ్జెట్లు, నియామకాల మధ్య ఉన్నారు. కుర్చీ కాకుండా కాగితం, పెన్ను ఎంచుకుని ఉంటే గణిత చరిత్రలో ఆయన పేరు ఇంకా పెద్దగా ఉండేదేమో. కానీ ఆయన తరంలో చదువుకున్న ముసల్మాన్‌కు ఆ వెసులుబాటు తక్కువ. తాను ఒక్కడే పైకెళ్లడమా, పది మంది ఎక్కడానికి మెట్లు కట్టడమా అన్న ప్రశ్న వస్తే ఆయన మెట్ల వైపే వెళ్లారు.

చివరి రోజులు, మిగిలిన పేరు

పెద్ద వయసులోనూ ఆయన ఉర్దూను, సైన్సును రెండింటినీ వదల్లేదు. పాకిస్తాన్ ప్రభుత్వం ఆయనకు పెద్ద పౌర పురస్కారాలు ఇచ్చింది. 1998లో ఇస్లామాబాద్‌లో ఆయన చనిపోయారు. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

ఆయన జీవితం చదివి పిల్లలందరినీ ఉర్దూ మీడియంలోనే చేర్చాలని ఎవరైనా అంటే అది తొందరపాటు. రజియుద్దీన్ వెనుక ఒక రాజ్యం ఉంది, అనువాద విభాగం ఉంది, ఆ భాషలోనే పై చదువు చెప్పే యూనివర్సిటీ ఉంది. ఇవాళ్టి ఉర్దూ స్కూలు పిల్లలకు పదో తరగతి తర్వాత ఆ మెట్లు చాలాచోట్ల లేవు. మెట్లు లేకుండా ఎక్కమనడం ఆ పిల్లలకు అన్యాయం.

అలాగని ఇంట్లో మాట్లాడే భాష బుర్రను చిన్నది చేస్తుందన్న భయమూ తప్పే. ఉర్దూలో ముసల్లస్, జావియా అని నేర్చుకున్న పిల్లవాడు ఇంగ్లీష్‌లో డిరాక్‌ను, జర్మన్‌లో హైసెన్‌బర్గ్‌ను అర్థం చేసుకున్నాడు. ఒక భాషలో విషయం గట్టిగా పట్టుబడితే రెండో భాష, మూడో భాష దాని మీద నిలబడతాయి. పునాది పడకుండా ఏ మీడియంలో వేసినా మిగిలేది బట్టీనే. తెలుగు మీడియం పిల్లలకైనా, ఉర్దూ మీడియం పిల్లలకైనా, ఫీజులు కట్టి ఇంగ్లీష్ మీడియంలో వేసిన పిల్లలకైనా ఇది ఒకటే లెక్క.

ఇస్లామాబాద్‌లో ఆయన మొదలుపెట్టిన యూనివర్సిటీ సెంట్రల్ లైబ్రరీకి ఇవాళ ఆయన పేరే ఉంది. పరీక్షల ముందు అక్కడ కూర్చుని చదువుకునే పిల్లలకు ఆ పేరు గుమ్మం మీద రోజూ కనిపిస్తుంది. ఆ పేరుగల మనిషి లెక్కలు నేర్చింది మన హైదరాబాద్‌లో, మన ఉస్మానియాలో. ఆ సంగతి ఇక్కడి పిల్లలకు కూడా తెలియాలి.